వేరు జారిన కొండ

మంగళవారం పొద్దున్న ఒక అగ్నిపర్వతం వచ్చి, విశాఖపట్నంలో రాళ్ల పరీక్షశాల వెనకాల స్కూటర్లు నిలిపే చోట నిలబడుతుంది. దాని మీద నలభై ఇళ్లున్నాయి. వాచ్‌మన్ దానిచేత రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, వచ్చిన కారణం దగ్గర 'సొంత పని' అని రాస్తాడు.

హైమవతి అక్కడ రాళ్లు చదువుతుంది. ఆమె కోసం రాళ్లను పల్చగా కోసి గాజుపలకల మీద అతికించే నూకయ్యకి ఆ కొండ కొసన, చిట్టచివరి ఇంట్లో కూతురుంది.

"మా పైడికి నెలలు నిండీసాయమ్మా. కిందకి దింపీమంటారా, ఉండనీమంటారా?" అని అడుగుతాడు.

"కొండ కింద ఏముందో చూడకుండా ఎలా చెప్పను?"

నూకయ్య ఆ కొండవే రెండు నల్లరాళ్లు కోసి తెస్తాడు. ఒకటి కోటి ఏళ్లనాటి లావా, రెండోది కొత్తది. లావా పైకి వస్తూ, దారిలో తగిలిన లోతట్టు రాతిని ముక్కలుగా తెంపుకొస్తుంది. ఎవరూ వెళ్లలేని ఆ చోటు సంగతి నల్లరాళ్లలో పొదిగి ఉన్న ఈ పచ్చటి ముక్కలే చెప్పాలి.

పాత ముక్క నిండా ఎర్రటి గార్నెట్ గింజలు. "చల్లగా, బరువుగా ఉన్నాం. ఈ కొండకి వేరు మేమే" అంటాయి. కొత్త ముక్కలో గార్నెట్ ఒక్కటీ లేదు. మైక్రోస్కోపులోంచి సెగ కొట్టి హైమవతి కనుబొమ్మ కమురుతుంది. ఆమె దాన్ని తుడుచుకుని మళ్లీ చూస్తుంది.

పంతొమ్మిదేళ్లుగా ఎన్నో రిపోర్టులు రాసింది. ఒక్కదాని కోసమైనా ఎవరూ ఇలా గుమ్మంలో నిలబడి ఎదురుచూడలేదు. ఆమె నూకయ్య వైపు తిరుగుతుంది.

"కొండ కింది రాతి పెంకు, అదే శిలావరణం, అడుగు ఊడి లోపలికి జారిపోయింది, నూకయ్యా. ఆ ఖాళీలోకి వేడి వచ్చి చేరింది."

"అయితే కొండ కూలిపోద్దేటండి?"

"లేదు. కిందకి లాగే బరువు పోయింది కదా. లేస్తుంది."

"నమ్మీమంటారా?"

"నేనూ నీతో వస్తాను."

ఇద్దరూ ఎక్కుతారు. వాళ్లు ఒక మెట్టు ఎక్కేసరికి కొండ రెండు మెట్లు పెరుగుతుంది. మబ్బులు మోకాళ్ల దాకా దిగాక ఇల్లు కనబడుతుంది. పైడి గడపలో నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"నాన్నా, చెవులు దిబ్బళ్లేస్తన్నాయి. ఇప్పుడు దిగితే దారిలోనే కనీస్తాను. నాను రాను."

హైమవతి చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లు కాస్తుంది. సాయంత్రానికి ఆడపిల్ల పుడుతుంది. పాప ఏడవదు. నూకయ్య అరికాళ్లు రుద్దుతాడు, వీపు తడతాడు. ఏడవదు.

అప్పుడు నేల బండ కింద నుంచి ఎవరో తడతారు. హైమవతి బండ పక్కకి జరుపుతుంది. అడుగున పచ్చటి వెలుగు. ఖాళీ అయిన ఆ చోటికి జనం కాపురానికి వస్తున్నారు, అరికాళ్లు మన అరికాళ్లకి ఆనించి, తలకిందులుగా, చాపలతో బిందెలతో. ఎర్రగా కాలుతున్న ఒక ముసలామె తల వంచి పైకి చూస్తుంది.

"ఇలా ఇవ్వమ్మా" అంటుంది.

పైడి హైమవతి మొహం వంక చూస్తుంది. హైమవతి తలూపుతుంది. పైడి పాపని కిందకి అందిస్తుంది.

ఆ నిప్పు చేతుల్లో పడగానే పాప కెవ్వుమంటుంది. కింద అందరూ బిందెలు దించి, నడక ఆపి, నవ్వుతారు. ఇంటి చూరు చంద్రుడికి తగిలి, చంద్రుడు కొంచెం పక్కకి జరుగుతాడు.