రెండు చిల్లుల ఉత్తరం

శకుంతలమ్మకు మొగుడితో పడ్డ కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. గోపాలకృష్ణ ఏదీ పారేయనివ్వడు. తెగిన చెప్పు పట్టీ, ఎండిన ఇంకుబుడ్డి, పాత శుభలేఖల కవర్లు, అన్నీ దాస్తాడు.

"నేను కట్టుకున్నది మనిషినా, చిత్తుకాగితాల కొట్టునా తిరుపతిరావుగారూ?" అని రోజూ పొద్దున్నే అడిగేది.

గుమాస్తా తిరుపతిరావు నవ్వి, దబ్బనంతో ఉత్తరానికి సరిగ్గా నడిమిన చిల్లు పొడిచి, వసారాలో తీగకు ఎక్కించేవాడు.

మామిడికాయల ఆర్డరు ఉత్తరం వస్తే కార్బను పెట్టి మూడు నకళ్ళు రాయాలి. ఒకటి నూజివీడు కొట్లో తీగకు, ఒకటి రెడ్డిగూడెం తోటపాకలో తీగకు, ఒకటి యజమాని గోపాలకృష్ణ ఇంటి తీగకు. ఆర్డరు రద్దయితే మూడూ తీసెయ్యాలి. ఒక్కటి మిగిలినా కాయ కోసేస్తారు. కోసిన కాయ మళ్ళీ కొమ్మకు అతకదు. ఇరవై రెండేళ్ళుగా తిరుపతిరావు సైకిలు అరిగింది ఈ పనికే.

కొట్లో, పాకలో రద్దయినదాన్ని నిలువునా చింపేవాడు. ఇంట్లో చింపకూడదు. చింపిన ఉత్తరం చావుకబురని గోపాలకృష్ణ తల్లి పెట్టిన నియమం. ఆవిడ పోయింది, నియమం పోలేదు. అందుకని ఇంట్లో ఉండచుట్టి బుట్టలో వేసేవాడు.

ఆ శుక్రవారం తిరుపతిరావు యజమాని ఇంటి పక్క గోదాములోకి అడుగు పెట్టాడు. రద్దయిన నాగపూరు ఆర్డరుకు కోసిన రెండు లారీల రసాలు గడ్డిలోనే చీకిపోయాయి. పుల్లటి కంపు. కాలు వేస్తే చెప్పుల్లోకి జారే రసం, అందులో తెల్లగా మెసిలే పురుగులు, ముక్కులో దూరే ఈగలు.

"ఎత్తు!" అన్నాడు గోపాలకృష్ణ తట్ట చూపించి. "ఇంటి తీగకు ఉత్తరం అలాగే ఉంచావు. అది చూసే కోయించాను. కళ్ళు కనబడకపోతే మానుకోవయ్యా!"

"మూడు చోట్లా తీశానండి."

"పాకలో కాయితం లేదండని నేనూ చెప్పానండి," గొణిగాడు మేస్త్రీ నరసింహులు.

"నువ్వు నోర్ముయ్!"

తిరుపతిరావు తట్ట ఎత్తాడు. రసం మోచేతుల మీదుగా చొక్కాలోకి కారింది. నాలుగో తట్టకు గోడ పట్టుకుని కక్కాడు. అయినా ఆ కంపు కన్నా కూలీల ముందు పడ్డ మాటే ఎక్కువ రోతగా ఉంది. ఈ ఇరవై రెండేళ్ళలో అతను సంపాదించుకున్నది 'తిరుపతిరావు తీశాడంటే తీసినట్టే' అన్న పేరొక్కటే.

శకుంతలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. చేతిలో ఆ ఉత్తరం, కాయితమంతా ఉండచుట్టిన ముడతలు.

"ఒక్క ఉత్తరానికి రెండు చిల్లులేంటండీ? నడిమిది దబ్బనంతో పొడిచింది. మూలన చిరిగినట్టున్న ఈ రెండోది ఎవరిది?"

గోపాలకృష్ణ ఉత్తరం వంక చూశాడు. వెనకవైపు తెల్లగా ఉంది.

తిరుపతిరావు తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. జేబులోంచి దబ్బనం తీసి కాటా మీద పెట్టాడు.

"వస్తానమ్మా," అన్నాడు, ఆవిడకి మాత్రమే.

సైకిలు స్టాండు తీసిన చప్పుడయ్యాక గోపాలకృష్ణకు నోరు పెగిలింది.

"తప్పు నాదేనయ్యా! వెనక రాసుకోవచ్చని బుట్టలోంచి ఏరి మళ్ళీ గుచ్చి, మరిచిపోయింది నేనే."

సైకిలు ఆగలేదు. కాటా మీద దబ్బనం, దాని మొన మీద ఒక ఈగ.