నా లెక్కలో లేని ఇంద్రావతి

గోదావరికి దూరంగా, మట్టెవాడలో నాది నెయ్యి దుకాణం. ఇరవై ఏళ్లు గోదావరి ఒడ్డు ఊళ్లు తిరిగి నెయ్యి కొన్నాను. నాందేడ్‌లో వాన పడితే ఆ నీళ్లు ధర్మపురికి ఎప్పుడొస్తాయో, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని మంగపేటకు ఎప్పుడు చేరతాయో వేళ్ల మీద చెప్పేవాణ్ని. పశువులు మేపుకునేవాళ్లు నన్నే అడిగేవారు.

ఎనభై ఆరు శ్రావణంలో మంగపేట దగ్గర లంక మీద కట్టయ్య, అతని భార్య మొగిలమ్మ పదహారు బర్రెలను మేపుతున్నారు. నది నడుమ దిబ్బ అది. నీళ్లు పెరిగే సూచన కనబడితే బర్రెలను ఒడ్డుకు ఈదించేవారు.

నేను పడవలో వెళ్లేసరికి మూడు నెయ్యి డబ్బాలు నిండాయి. నాలుగోది సగముంది.

"నీళ్లు ఎర్రగైనయ్ సేటూ. ఇయ్యాల్నే ఒడ్డుకు తోలుకపోత," అన్నాడు కట్టయ్య.

వ్రతాల నెల, నెయ్యికి గిరాకీ. ఒడ్డున మేత లేదు, తోలితే పాలు తగ్గుతాయి.

"పొద్దుగాల రేడియో విన్న. నాందేడ్ల వానల్లేవు. కాళేశ్వరంల నీళ్లు తగ్గుతానయట. రెండొద్దులు ఫికర్ లేదు, డబ్బ నింపు," అన్నాను.

మొగిలమ్మ నవ్వింది. "మట్టెవాడల కూసొని గోదారిని తక్కెట్ల తూస్తడు మన సేటు."

"సేటు లెక్క ఎన్నడు తప్పిందే?" అని కట్టయ్య ఆమెను, మూడు డబ్బాలను నా పడవ ఎక్కించాడు. ఉప్పు, చాయపత్తి కొనుక్కొని మర్నాడు రమ్మన్నాడు.

తెల్లవారేసరికి లంక లేదు.

ఆ నీళ్లు నాందేడ్‌వీ కావు, ప్రాణహితవీ కావు. బస్తర్ అడవుల్లో కురిసిన వాన ఇంద్రావతిలో వచ్చి, కాళేశ్వరానికి దిగువన గోదావరిలో పడింది. ఆ నది ఉందని నాకు తెలుసు. ఆ దిక్కున నాకు ఒక్క బేరమూ లేదు. బేరం లేని నీళ్లను ఎన్నడూ లెక్క కట్టలేదు.

ఐదో రోజుకు మూడు బర్రెలు దొరికాయి. కట్టయ్య దొరకలేదు. ఒడ్డున కూర్చున్న మొగిలమ్మ దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను.

"ఈడికెల్లి నీళ్లు ఏడికి పోతయ్ సేటూ?"

"భద్రాచలం. ఆడికెల్లి పాపికొండలు, ధవళేశ్వరం, సముద్రం."

"ఎన్నొద్దులకు?"

ఎక్కడికి ఎన్ని రోజులో చెప్పాను. ఆమె వేళ్లు మడిచింది, లెక్క తప్పి మళ్లీ మొదటి వేలి నుంచి లెక్కపెట్టింది.

"గట్లయితే ఇయ్యాల మా ఆయన ఏడున్నట్టు?"

దారిలో కలిసే శబరి నదిని కూడా కలిపి, ఈసారి సరిగ్గానే కట్టాను.

"సముద్రంల," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఆశగా చూసింది.

"ఇది గూడ తప్పు లెక్కే కావచ్చు గద సేటూ?"