పగులు మీద గాజుముక్క

ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని చక్రవర్తి సమాధిరాయి మీది పావురాల రెట్ట గీకుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. తోటివాళ్లకు ఆయన గాజు తాత. గోడ పగుళ్లకు అడ్డంగా సన్నని గాజుముక్కలు ప్లాస్టర్‌తో అతికించి, తేదీ రాసి, రోజూ చూసుకునేది ఆయనే మరి. గాజు విరిగిందంటే గోడ కదిలినట్టే.

"ఏం దొరా, నిద్ర పట్టిందా? మీకేం, పక్క దులపడానికి నేనున్నాగా" అన్నాడు రాయితో.

భార్య పోయాక ఆయన మాట వినేది ఈ రాయొక్కటే. బతికున్నప్పుడు ఎవరి మాటా వినని చక్రవర్తి, ఇప్పుడు బుద్ధిగా వింటున్నాడు పాపం.

లేచి గుమ్మటం కింది పెద్ద పగులు దగ్గరికి వెళ్లాడు. గాజు రెండు ముక్కలై ఉంది.

ఇంజనీరు వచ్చేది ఇవాళే. ఈ గాజు ఆర్నెల్లు నిలిస్తే తలుపులు తెరిచే ఉంచుతామన్నారు, లేదంటే ఇటుకలు పెట్టి మూసేస్తారు. మూస్తే పనీ పోతుంది, గేటు పక్కన ఉంటున్న గదీ పోతుంది.

జేబులో కొత్త గాజుముక్క ఉంది. పాత తేదీ వేసి అతికిస్తే పట్టుకునే మొనగాడు లేడు. గబగబా తేదీ వేసి, ప్లాస్టర్ కలిపాడు కూడా. ఇంతలో ఎవరో తల్లి చంటిపిల్లను ఎత్తుకుని వచ్చి, సరిగ్గా ఆ పగులు కింద నిలబడి గుమ్మటం చూపించసాగింది. పిల్ల నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. ఆయన చేయి ఆగిపోయింది. ప్లాస్టర్ గిన్నెలోనే గట్టిపడింది.

మధ్యాహ్నం ఇంజనీరుకు తనే చూపించాడు.

"కొత్తది పెట్టేసి ఉంటే నాకు తెలిసేది కాదు తాతా" అన్నాడతను మెల్లగా.

"పడితే దొర మీద పడదు బాబూ, ఆయన ఎప్పుడో కిందికి వెళ్లిపోయాడు. చూడ్డానికొచ్చినోళ్ల మీద పడుద్ది."

సాయంత్రానికల్లా మేస్త్రీలు దిగారు. గుమ్మంలో ఇటుక వరసలు నడుమెత్తుకు వచ్చాక ముసలాయన "ఒక్క అయిదు నిమిషాలు" అని గోడ దాటి లోపలికి వెళ్లాడు. రాయి మీద చెయ్యి వేసి కాసేపు ఏడ్చాడు. తర్వాత జేబులోని కొత్త గాజు మీది పాత తేదీ తుడిచి, ప్లాస్టర్ కలుపుకున్నాడు.

"ఇక చూసేదెవరు తాతా?" అన్నాడు బయటినుంచి ఇంజనీరు.

"ఎవరూ చూడరు బాబూ."

గది తాళంచెవి అప్పగించి, ట్రంకుపెట్టె పట్టుకుని గేటు దాటాడు. ఎటు వెళ్లాలో ఇంకా అనుకోలేదు. వెనక మేస్త్రీ చివరి ఇటుక పెట్టాడు. దాని అవతల, పగులు మీద, ఇవాళ్టి తేదీతో, ప్లాస్టర్ తడి ఇంకా ఆరని గాజుముక్క.