డెబ్బై రెండుకి వేరే చెట్టు

కంకిపాడులోని ఆ ప్రైవేటు స్కూల్లో శనివారం పరీక్ష, సోమవారం సెక్షన్ల మార్పు. మార్కులు తగ్గినవాళ్లు సంచీ సర్దుకుని ఎ సెక్షన్ నుంచి బి సెక్షన్‌కి దిగాల్సిందే. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో ఈ పద్ధతి!

ఆరో తరగతికి లెక్కలు చెప్పే జ్ఞానేశ్వరి ఆ వారం కారణాంక వృక్షాలు నేర్పింది. డెబ్బై రెండుని ఎనిమిది, తొమ్మిదిగా చీల్చి, ఇక విడగొట్టలేని అంకెలు వచ్చేదాకా కొమ్మలు గీసింది. పరీక్షలోనూ అదే లెక్క. బి సెక్షన్ శాలిని మాత్రం ఆరు, పన్నెండుగా చీల్చింది. ఆ సాయంత్రమే పేపర్లు దిద్దినావిడ జవాబుల కీ చూసి అడ్డంగా కొట్టేసింది. ఆ తల్లికి కీ అంటే వేదం.

"చివర్న నాకూ రెండు అంకె మూడుసార్లు, మూడు అంకె రెండుసార్లు వచ్చాయండి మేడమ్," అంది శాలిని జ్ఞానేశ్వరికి పేపరు చూపిస్తూ.

లెక్క తప్పు లేదు. ఆ మార్కులు కలిపితే శాలిని ఎ సెక్షన్‌కి వెళ్తుంది. అక్కడ మార్కుల్లో ఆఖరి సీటులో ఉన్నది జ్ఞానేశ్వరి కూతురు లహరి. 'వచ్చేవారం చూద్దాంలే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పేపరు తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, మార్కులు కలపమంది.

"మీ అమ్మాయే దిగాల్సొస్తుంది. ఆలోచించుకున్నారా?" అన్నారు ప్రిన్సిపాల్ మల్లికార్జునరావు.

"ఆలోచించుకున్నానండి. ఆ పిల్ల లెక్క రైటండి."

ఆదివారమంతా లహరి తల్లితో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, అంతే.

సోమవారం బి సెక్షన్‌లో మొదటి పీరియడ్ జ్ఞానేశ్వరిదే. లహరి ఆఖరి బెంచీలో తలొంచుకుని కూర్చుంది. జ్ఞానేశ్వరి బోర్డు మీద డెబ్బై రెండు వేసి, "నేను చెప్పినట్టు కాకుండా ఎవరైనా వేరేగా చీల్చండి," అంది.

లహరి లేచి వచ్చి సుద్దముక్క అందుకుంది. రెండు, ముప్పై ఆరు అని రాసి, మెల్లగా కొమ్మలు దించుకుంటూ పోయింది. ఆఖరి కొమ్మ దగ్గర ఆగి, "ఇది రైటేనా మేడమ్?" అంది, మొహం చూడకుండా.

"నన్నడగడం దేనికి? గుణించి చూసుకో."

లహరి కిందినుంచి పెదాలతో గుణించుకుంటూ పైకి వచ్చింది. డెబ్బై రెండు దగ్గర వేలు ఆగింది. అప్పుడు తల్లివైపు తిరిగింది.

"అయితే శాలినిదీ రైటే," అంది.

"రైటే," అంది జ్ఞానేశ్వరి. బోర్డు మీద ఆ పక్కనే తరవాతి లెక్క వేసింది.