రెండు పొయ్యిలు

ఓదెలు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి రెండు గుప్పిళ్లు తీశాడు. ఒక మనిషికి రెండు గుప్పిళ్లు బియ్యం, పైన ఒక గుప్పెడు పెసరపప్పు. భార్య పోయినప్పటి నుంచీ అదే కొలత. ఇవాళ మాత్రం చెయ్యి అక్కడితో ఆగలేదు. ఇంకో రెండు గుప్పిళ్లు తీసి పళ్లెంలో పోశాడు. పోసి, ఎవరైనా చూశారేమోనని గేటు వైపు చూసుకున్నాడు. తన బియ్యం తను తీసుకుంటూ ఆ దొంగచూపులేమిటో ఆయనకే తెలియాలి.

మాదాపూర్ గుట్టలు పగలగొట్టే రోజుల్లో పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చిన మనిషి. గుట్టలు పోయాయి. బండ కింద పడి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. మేస్త్రీ జాలిపడి, కొత్తగా కట్టే ఈ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిర్చాడు. రాత్రంతా కావలి, మధ్యాహ్నం నిద్ర, పొద్దు వాలాక వంట. వంటంటే కిచిడి. వచ్చిందీ అదే, నచ్చిందీ అదే అని అందరితో చెబుతాడుగానీ రెండోది పచ్చి అబద్ధం.

సర్వలో నూనె పోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, పసుపు వేసి ఎసరు పెట్టాడు. సెంట్రింగ్ చెక్క ముక్కలు రెండు పొయ్యిలోకి తోశాడు. నీళ్లు మరిగాక కడిగిన బియ్యం, పప్పు వేశాడు. ఎప్పుడూ సగానికే ఉండే సర్వ ఇవాళ అంచుదాకా వచ్చింది. అది చూస్తే ఆయనకు లోలోపల సంతోషం వేసింది.

రోడ్డు అవతల అద్దాల మేడ లేస్తోంది. అక్కడ కొత్త గోడలకు, స్లాబులకు పొద్దంతా నీళ్లు కొట్టే మనిషి అంజమ్మ. పాలమూరు ఆమె. మొగుడు లేడు. అవతల ఆమె పొయ్యి, ఇవతల ఈయన పొయ్యి. నిరుడు వానాకాలంలో ఒకనాడు ఆమె రోడ్డు దాటి వచ్చి, ఉత్త కిచిడి గొంతు ఎట్ల దిగుతది అని గిన్నెడు పచ్చిపులుసు పెట్టి పోయింది. అంచు సొట్టపోయిన స్టీలు గిన్నె. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడం వాళ్ల ఊళ్లలో లేదు. మర్నాడు అందులో కిచిడి పెట్టి ఇచ్చాడు. ఆమె మళ్లీ ఇంత తొక్కు పచ్చడి పెట్టి పంపింది. అప్పటి నుంచి ఆ గిన్నె ఒక్కచోట కుదురుగా ఉన్న పాపాన పోలేదు.

ఇంత జరిగినా ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు కూర్చునే తినేవాళ్లు. నడుమ రోడ్డు, రోడ్డు మీద లారీలు. ఒక్క పూటయినా పక్కన కూర్చుని, ఆమె మాటలు వింటూ తినాలని ఓదెలుకు ప్రాణం లాగేది. అంతకు మించిన కోరిక ఆయనకు ఈ భూమ్మీద లేదు.

ఇవాళ అడిగి తీరాలనుకున్నాడు. గిన్నె నిన్నటి నుంచి తన దగ్గరే ఉంది, వెళ్లడానికి ఓ వంక. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. గోడకు ఓసారి, పొయ్యికి ఓసారి ఆ మాట అప్పజెప్పాడు. రెండు పొయ్యిలెందుకు, ఇద్దరికి ఒక్క సర్వ చాలదా? ఆ మాట నెమరేసుకుంటూనే మధ్యాహ్నం పడుకున్నాడు. నిద్ర కూడా హాయిగా పట్టింది.

కిచిడి దగ్గరపడింది. గిన్నె నింపి, పైన పళ్లెం మూసి, రుమాలుతో పట్టుకుని రోడ్డు దాటాడు.

అంజమ్మ పొయ్యిలో బూడిద తడిసి ముద్దగా ఉంది. పైన నీడకు కట్టిన ప్లాస్టిక్ పట్టా లేదు, తాళ్లు మాత్రం వేలాడుతున్నాయి. మూలమీద చాయ్ అమ్మే సక్కుబాయి ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ అటే వచ్చింది.

"స్లాబుల పని అయిపోయిందని మధ్యాహ్నమే లారీ ఎక్కించిన్రు అన్నా, అందర్ని. పూణె అంటరు, బొంబాయి అంటరు. ఏదో నాకు ఎర్కలేదు."

ఓదెలు గిన్నె మీది పళ్లెం సర్దాడు. "నన్ను జర లేపకపోతివి."

"లేపుతనని అంజమ్మతోని అంటి. రాత్రంత మేలుకునే మనిషి, లేపకు అన్నది. నీ గేటుకాడ్నే నిలబడ్డది జరసేపు."

"గిన్నె నా దగ్గర్నే ఉండె."

"అడిగి తెస్తనంటి. ఉండనీ అన్నది. ఖాళీగ మాత్రం ఉంచొద్దని చెప్పమన్నది."

ఓదెలు తల ఊపి, నిండు గిన్నెతోనే తిరిగి వచ్చాడు. ఆ రాత్రి తిన్నాడో లేదో ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దు వాలాక డబ్బాలో చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే రెండు గుప్పిళ్లు తీసి పళ్లెంలో పోశాడు. తర్వాత ఇంకో రెండు గుప్పిళ్లు తీసి, తోమి ఆరబెట్టిన గిన్నెలో పోశాడు. గేటు గది కిటికీలో, సొట్టపోయిన అంచు రోడ్డు వైపుగా, బియ్యంతో ఆ గిన్నె ఉంది.