మహబూబక్క మిస్డ్ కాల్

రమణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మహబూబక్క ఎవరింట్లోనో వంటగది బండల మీద పడిపోతుంది, ఆ సంగతి తనకు చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

పాపకు జ్వరం తగులుతుందనీ, మొగుడు ఆంజి నడిపే కారు ఎక్కడో గుద్దుకుంటుందనీ, వీసా కాగితం పోతుందనీ ఆమెకు రోజుకు నూరు భయాలు. అవన్నీ వచ్చిపోయేవి. ఇది మాత్రం వచ్చి కూర్చుంది.

మహబూబి చుట్టం కాదు. ఇద్దరిదీ కడప జిల్లానే అయినా రమణిది బద్వేలు వైపు, ఆమెది రాయచోటి వైపు; మస్కట్‌లో ఈ ఘుబ్రాకు వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ఆంజి ఒక విల్లాలో డ్రైవరు, రమణి అదే ఇంట్లో వంటమనిషి, గేటు పక్కన గదిలో కాపురం. మహబూబి పక్క విల్లాలో పనిమనిషి. రమణి కాన్పుకు తల్లి రాలేకపోయింది. అప్పుడు మహబూబే, తన మేడమ్ మధ్యాహ్నం కునుకు తీసే గంటలో వచ్చి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రుద్ది, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. రమణి నడుముకు గుడ్డ బిగించేది.

"కట్టకుంటే పొట్ట కుండ మాదిరి అయితాది. ఆంజి ఇంకొకదాన్ని చూసుకుంటాడు."

"చూసుకోనీలే అక్కా. దానికీ నువ్వే నీళ్ళు పోద్దువు."

"పోస్తా. సలసలా కాగే నీళ్ళు పోస్తా!"

మహబూబికి షుగర్. ఎడమ కాలి బొటనవేలి కింద పుండు ఎన్నాళ్ళకూ మానదు. పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ. నాలుగు పూటలు తప్పితే నోరు ఎండిపోయి మనిషి తూలిపోతుంది. ఒకసారి రమణి కళ్ళెదుటే అలా గోడకు జారబడింది.

ఈ రెండువేల ఎనిమిది వేసవిలో మహబూబి వాళ్ళ మేడమ్ కుటుంబం సీబ్‌లో కొత్త విల్లా కట్టుకుని వెళ్ళిపోయింది. దూరం అరగంటే. అయితే ఇంటిపని మనుషులకు సెలవంటూ ఉండదు. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. తెల్లవారుజాము నమాజు కాగానే మహబూబి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. లేచింది, బిళ్ళ మింగింది, బాగుంది అని దానర్థం. రమణి ఎత్తకూడదు. ఎత్తితే అక్క ఫోన్లో బ్యాలెన్సు పోతుంది. మిస్డ్ కాల్ ఎత్తిన మనిషిని ఇక్కడ ఆడవాళ్ళు వారం రోజులు తిడతారు.

నాలుగు నెలలు రింగు తప్పలేదు. ఆ తర్వాత ఒక మంగళవారం అది ఏడింటికి వచ్చింది. బుధవారం కూడా అంతే. గురువారం ఏడూ పదికి.

"వచ్చింది గదా, ఇంకేంది?" అన్నాడు ఆంజి బూట్లు తొడుక్కుంటూ. "రాకుంటే భయం, వస్తే భయం. నీతో యాగలేనుమే."

"నమాజు చేసే మనిషి ఏడుదాకా పండుకోదు."

"వయసైపోతాంది. నిద్ర పట్టింటాది."

శుక్రవారం పొద్దున రమణి పాపకు పాలిస్తూ ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఏడూ అయిదుకు మోగింది. ఎత్తేసింది.

"అక్కా, నేనే. తిడితే తిట్టు గానీ మాట్లాడు."

"అక్క కాదండీ," అంది కొత్త గొంతు, బెదిరిపోయి. "ఎందుకెత్తారండీ? మీరు ఎత్తరని చెప్పిందే ఆవిడ!"

ఆమె పేరు సత్యవేణి. అమలాపురం దగ్గర పల్లె. ఆ ఇంటికి వచ్చి పది రోజులయింది.

"సోమవారం సారు ఆవిడ్ని దూరంగా నిజ్వా ఊరు తీసుకెళ్ళిపోయారండీ. మేడమ్ గారి తల్లి మంచం పట్టిందంట, చూసుకోడానికి. పావుగంటలో కారెక్కించేశారు. అక్కడ పనోళ్ళ దగ్గర ఫోన్లు ఉండనివ్వరంటండీ. దీన్ని నా చేతిలో పెట్టి, 'రోజూ పొద్దున్నే ఈ నంబరుకి ఒక్కసారి కొట్టి పెట్టెయ్. ఆ పిల్ల పాలిచ్చే తల్లి, కంగారు పడితే పాలు ఇగిరిపోతాయి' అని చెప్పిందండీ."

రమణి పాపను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"బిళ్ళలు తీసుకపోయిందా? పచ్చ డబ్బా."

అవతల చెప్పుల చప్పుడు వంటగది వైపు వెళ్ళి ఆగింది.

"ఆయ్... అది ఆవిడదాండీ? ఫ్రిజ్ మీదే ఉందండీ. మేడమ్ గారిదనుకున్నాను."

అప్పటికి అయిదో రోజు.

యజమానులు జుమ్మా నమాజుకని బయలుదేరగానే రమణి పాపను చంకనేసుకుని టాక్సీ ఎక్కింది. ఒంటరిగా టాక్సీ ఎక్కడం అదే మొదలు. దారి పొడుగునా డ్రైవరు ముఖం అద్దంలో చూస్తూనే ఉంది. సీబ్‌లో, ఫోన్లో అనుకున్నట్టే, వీధి చివరి చెత్త డ్రమ్ము దగ్గరికి సత్యవేణి చెత్త సంచితో వచ్చింది. తనది కాని పొడుగు గౌను తొక్కుకుంటూ నడిచే బక్కపిల్ల. సంచి మడతలోంచి పచ్చ డబ్బా తీసి ఇచ్చింది.

"నిజ్వాలో ఇల్లెక్కడో నాకు తెలీదండీ. కోట వెనక ఖర్జూరం తోటలు, నీళ్ళ కాలవ పక్కన, ఊదారంగు గేటని డ్రైవరు అంటుంటే విన్నాను. డబ్బా సంగతి మేడమ్ గారికి చెబితే ఫోను బయటపడిపోద్దండీ. అది నా దగ్గరుందని ఎవరికీ చెప్పకండి, చంపేస్తారు."

"నీకు ఈడ ఎవరుండారు?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేనుండా. పొద్దున కొట్టేది మానొద్దు. ఇప్పట్నుంచి అది నీ కోసం."

రాత్రి ఆంజి డబ్బాను చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"మనం పోయి గేట్లు తడితే, ఆమెను ఖల్లివల్లి చేయించి, ఆ ఇంట్లోంచి తప్పించుకపోను వచ్చినామంటారు. పారిపోయే మనిషికి సాయం చేసిన కేసు. మన వీసా కొట్టేస్తారు, తెలుసా?"

"తెలుసు."

"అయితే మరి?"

"ఆమె పడిపోతాది, ఆంజీ."

అతను నిజ్వాకు రొట్టెల వ్యాను తోలే ముర్తుజాకు ఫోన్ చేశాడు. ముర్తుజా డబ్బా తీసుకుని ఆదివారం వెళ్ళాడు. కాలవ వెంట రెండు ఊదారంగు గేట్లు కనిపించాయట. ఒక ఇంట్లో ముసలాయన పనిమనిషి లేదన్నాడు. రెండో గేటు ఎంత కొట్టినా తెరవలేదు. లోపల ఏదో గిన్నె పడిన చప్పుడు మాత్రం వినిపించిందట. వ్యానుకు వేళయి వచ్చేశాడు. డబ్బా అతని దగ్గరే ఉంది.

ఇది చదివేవాళ్ళలో నిజ్వా కోట వెనక తోటల వైపు పనిచేసేవాళ్ళో, అటు బస్సులో పోయేవాళ్ళో ఉంటే, తెరవని ఆ గేటు ఒకసారి తట్టండి. దాహమని నీళ్ళు అడగండి. ఎవరూ కాదనరు, తెచ్చేది పనిమనిషే. నలభై అయిదేళ్ళ మనిషి, ఎడమ కాలు ఈడుస్తూ వస్తుంది. నీళ్ళు తాగుతూ మెల్లగా తెలుగులో పలకరించండి. ఆమె నిలబడగలుగుతోందా, ఒక్కసారి చూసి ఘుబ్రాలో రమణికి కబురు చెప్పండి.