బీరువాలో మూడు దేశాలు

ఆదివారం బట్టలన్నీ మడతపెట్టాక అమ్మ బీరువా ఖాళీ చేసింది. ఆ బీరువాలోంచి ఏ దేశానికైనా వెళ్ళిరావచ్చు. కాకపోతే తలుపు కిర్రుమంటుంది. నూనె వెయ్యమంటే నాన్న ఏడాదిగా రేపు, రేపు అంటున్నాడు.

పెద్దమ్మాయికి మూడు దేశాల్లో మూడు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఇల్లంతా ఒకటే హడావిడి. చదువు మూడుచోట్లా బాగానే ఉంటుంది, భయమల్లా వేరే. కిందటేడు హాస్టల్లో జ్వరంతో పడుకుంటే వార్డెన్ గుమ్మంలోంచే "ఏమైంది?" అని అడిగింది. ఈ పిల్ల అలవాటు ప్రకారం "ఏం లేదు" అంది. ఆవిడ వెళ్ళిపోయింది. జ్వరం ముదిరి ప్రాణం మీదికొచ్చింది. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

అందుకే అమ్మ పరీక్ష పెట్టింది. "మూడుచోట్లా స్టూడెంట్ సపోర్ట్ ఆఫీసుకి వెళ్ళు. ఏమైందని అడిగితే ఏం లేదని చెప్పు. వాళ్ళేం చేస్తారో చూద్దాం."

"ఏం లేదనడం దానికి వెన్నతో పెట్టిన విద్యేగా!" అంది నానమ్మ, మ్యాచ్ చూడ్డానికి కూర్చున్నట్టు మంచం మీద బాసింపట్టు వేసుకుని.

మొదటి దేశంలో సోఫాలు, అద్దాల గోడలు, చేపల తొట్టి. "ఏం లేదు" అనగానే అక్కడి అబ్బాయి పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, తమ సేవకి ఎన్ని స్టార్లిస్తావని అడిగాడు. రెండో దేశంలో వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. పిల్ల బీరువాలోంచి ఇంట్లో కాలు పెట్టేలోపే, మీ సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చేసింది. నాన్న పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మూడోది ఇరుకు గది. ఒకావిడ, ఏడుస్తున్న కుర్రాడి పక్కన కూర్చుని ఉంది. తలెత్తి "నీకేమైందమ్మా?" అంది.

"ఏం లేదు."

"సరే."

పిల్ల తిరిగొచ్చి చెప్పగానే, "సరేనట!" అని అమ్మ ఉసూరుమంటూ దుప్పట్లన్నీ బీరువాలో కుక్కేసి తలుపు మూసింది. "ఎక్కడికీ వద్దు. ఇంట్లోనే ఉండు." పిల్ల ముఖం చిన్నబోయింది.

అంతలో లోపల్నించి ఎవరో తలుపు కొట్టారు. నాన్న ఒక్క గెంతులో వెళ్ళి తీశాడు. దుప్పట్లు తోసుకుంటూ మూడో దేశం ఆవిడ బయటికొచ్చింది. రొప్పుతోంది. చేతిలో సగం కొరికిన యాపిల్.

"ఇందాక ఒకమ్మాయి వచ్చింది. ఆ పిల్లాణ్ణి సముదాయించి లేచేసరికి వెళ్ళిపోయింది. ఏం లేనివాళ్ళు మా గదిదాకా ఎందుకొస్తారండీ? తను బాగానే ఉందా?"

నానమ్మ జరిగి మంచం మీద చోటిచ్చింది. అమ్మ గబగబా కళ్ళు తుడుచుకుంది.  పిల్ల అలవాటు ప్రకారం నోరు తెరిచి, ఆగింది.

"బాలేదండీ. కిందటేడు అస్సలు బాలేదు" అంది. "కూర్చోండి, చెప్తాను."